మీరు ఈ పిల్లకు ఏమవుతారు?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటప్పుడు ఒప్పందాలు, షరతులు, చట్టాలు అంటూ మొదలుపెడితే "అవన్నీ మావారు చూసుకుంటారులెండి" అని రేడియో కట్టేయకండి. నేను చెప్పబోయేది మన గుమ్మంలో జరిగే సంగతి. మన పిల్లల్ని ఒకరి చేతిలో పెడుతున్నాం. ఒకరి పిల్లలు మన చేతిలో ఉంటున్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ మనం కాగితం మీద ఏం రాసుకుంటున్నాం, ఏం రాసుకోవటం లేదు అన్నదే ఈనాటి ప్రసంగం.

మేము అశోక్‌నగర్‌లో ఉంటాం. మా పేట సంగతి మీకు తెలిసిందే. ఇందిరాపార్కు దాటి లోపలికి వస్తే ఏ గోడ చూసినా కోచింగ్ బోర్డులు, ఏ గేటు చూసినా "అమ్మాయిలకు గదులు ఇవ్వబడును" అన్న అట్టముక్కలు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా కుర్రకారు పుస్తకాలమీద వంగి కనిపిస్తారు. నారాయణగూడ వైపు కాలేజీలు, హాస్టళ్లు. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల 1928 నాటిది. రాజా బహద్దర్ వెంకటరామరెడ్డి మహిళా కళాశాల 1954 నాటిది. అంటే ఊళ్లనుంచి చదువుకోసం వచ్చిన ఆడపిల్లలు ఈ వీధులకు కొత్త కాదన్నమాట. మనలో చాలామంది ఇళ్లు గడవటంలో ఈ పిల్లలిచ్చే అద్దెకు కూడా కొంత పాలున్నది. ఏమాట కామాటే చెప్పుకోవాలి కదండీ.

మా మేడమీద గది కూడా అలాగే ఇద్దరు అమ్మాయిలకు ఇచ్చాం. ఒకమ్మాయి డిగ్రీ. రెండో అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటరు అయిపోయి మెడిసిన్ ప్రవేశపరీక్షకు చదువుతున్నది. సూర్యాపేట వైపు పల్లెటూరు. వాళ్ల నాన్న వచ్చి గది చూసి, రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. స్టాంపు కాగితం మీద ఒప్పందం టైపు చేయించాం. నెల మొదటి వారంలో అద్దె కట్టాలి. కరెంటు బిల్లు వేరు. గోడలకు మేకులు కొట్టకూడదు. రాత్రి పదికి గేటు వేస్తాం. మోటారు మేమే వేస్తాం. ఖాళీ చేసేటప్పుడు సున్నానికి ఒక నెల అద్దె మినహాయిస్తాం. మొత్తం పదకొండు షరతులు. నాన్న అప్పటికే బస్సెక్కేశాడు కాబట్టి ఆ పిల్ల చేతే సంతకం పెట్టించాను. ఒక్క షరతూ వదలకుండా రాయించాననే అనుకున్నాను.

దసరా సెలవులు వచ్చాయి. డిగ్రీ అమ్మాయి ఊరికి వెళ్లింది. చిన్నమ్మాయి పరీక్ష దగ్గరపడిందని ఉండిపోయింది. మా ఇంటినిండా బంధువులు, బొమ్మల కొలువు, పేరంటం. మూడో రోజు సాయంత్రం పైన ఆరేసిన బట్టలు తేవటానికి మెట్లెక్కాను. గది ముందు రెండు పాలపాకెట్లు అలాగే పడి ఉన్నాయి. ఒకటి ఉబ్బిపోయి ఉన్నది. నా గుండె జారిపోయింది. తలుపు తోస్తే గడియ లేదు. పిల్ల చాపమీద పడి ఉన్నది. ఒళ్లు పెనంలా కాలిపోతున్నది. పిలిస్తే "ఆంటీ, మంచినీళ్లు" అన్నది, అంతే. సెలవులని కర్రీ పాయింటు మూసేశారు. రెండు రోజులుగా ఆ పిల్ల ఏం తిన్నదో ఆ దేవుడికే తెలియాలి.

నేనూ మా అబ్బాయీ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ నర్సమ్మ కాగితం తీసి పేరు, వయసు అడిగింది. పదిహేడని చెప్పాను. "మైనరు కదా, తల్లిదండ్రుల సంతకం కావాలి. మీరు ఈ పిల్లకు ఏమవుతారు?" అన్నది.

నా నోట మాట రాలేదు. ఏమవుతాను? ఇంటావిడను. వాళ్ల నాన్న ఫోను నెంబరు నా దగ్గర లేదు. పిల్ల ఫోనులో ఛార్జింగు లేదు. మా ఒప్పందంలో మేకుల సంగతి ఉన్నది గాని వాళ్ల నాన్న నెంబరు లేదు. డాక్టరుగారు మంచివారు, ఆలస్యం చేయకుండా సెలైను పెట్టించారు. డెంగ్యూ జ్వరం అన్నారు. తర్వాత ఫోనుకు ఛార్జింగు పెట్టి, వాళ్లింటికి కబురు చేసేసరికి రాత్రి ఎనిమిదయింది. తెల్లవారకముందే ఆ తండ్రి వచ్చాడు. నన్ను తిడతాడేమోనని నేను తలవంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "మీరున్నరన్న ధైర్యంతోనే గదమ్మా పిల్లను ఈడ దించిపోయిన" అన్నాడు. ఆ మాట నన్ను కొట్టినట్టే అయింది. ఆయన నన్ను నమ్మి దించిపోయాడు. నేను గది అద్దెకిచ్చాననుకున్నాను.

పిల్ల కోలుకున్నది. నేనే ఇంకా కోలుకోలేదు. ఆ తర్వాత వకీలుగా ఉన్న మా బంధువు ఒకాయన దగ్గర కూర్చుని ఈ ఒప్పందాల సంగతి తెలుసుకున్నాను. ఆయన మా స్టాంపు కాగితం చూసి నవ్వాడు. పద్ధెనిమిదేళ్లు నిండని వాళ్లు చేసిన ఒప్పందం చెల్లదట. ఇది నిన్నమొన్నటి మాట కాదు. మన కాంట్రాక్టుల చట్టం 1872 నాటిది. మైనరు చేసిన ఒప్పందం మొదటినుంచీ లేనట్టేనని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. కలకత్తాలో మైనరు కుర్రవాడొకడు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. ఆ తాకట్టు చెల్లదన్నారు. పిల్లలకు లోకం తెలియదు, వాళ్ల చేత ఎవరు ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టించుకోగలరు, అందుకని చట్టం వాళ్లకు అడ్డుగా నిలబడింది. కాబట్టి పిల్లల తరఫున సంతకం పెట్టవలసింది పెద్దవాళ్లు. అలా పెట్టేటప్పుడు పిల్లకు ఏది మేలో చూడవలసిందీ పెద్దవాళ్లే.

ఇక్కడ తల్లులకు ఒక మాట. "నాన్నగారి సంతకమే కావాలి" అని కొన్నిచోట్ల అంటూ ఉంటారు. గీతా హరిహరన్ అనే రచయిత్రి తన కొడుకు పేరిట బాండ్లు కొనబోతే ఇలాగే అడ్డం వచ్చింది. ఆమె సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. తండ్రి బతికి ఉన్నా, పిల్లల బాగోగులు ఆయన చూడనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చునని 1999లో కోర్టు తేల్చింది. అంచేత "మావారు చూసుకుంటారు" అన్న మాట ఇక మనకు సాకుగా పనికిరాదు.

సరే, ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మన పిల్లల్ని మనం చేర్పించేటప్పుడు ఏం చేస్తున్నాం?

మా చెల్లెలు తన కూతుర్ని ఒక కోచింగ్ సంస్థలో చేర్చింది. హాస్టలు కూడా వాళ్లదే. రెండేళ్ల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. గొలుసు కుదువపెట్టి కట్టింది. నలభై రోజులకే పిల్లకు నిద్ర లేదు, తిండి సయించదు. ఆదివారం కూడా పరీక్షే. మార్కుల ప్రకారం గదులు మారుస్తారు. "అమ్మా, నన్ను తీసుకుపో" అని ఏడ్చింది. తీసుకొచ్చేశారు. డబ్బు అడిగితే రసీదు వెనక చిన్నక్షరాలు చూపించారు. "ఒకసారి చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదు" అని ఉన్నది. మా చెల్లెలు ఆ డబ్బుకోసం ఏడవలేదండీ. ఆ డబ్బు పోతుందనే భయంతో ఇంకో పదిహేను రోజులు పిల్లను అక్కడే ఉంచానే అని ఏడ్చింది. చూశారా, తిరిగిరాని ఫీజు పిల్లలకు ఎలా సంకెల అవుతుందో!

ఇప్పుడీ విషయంలో మనకు కొంత ఆధారం ఉన్నది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సంస్థలకోసం మార్గదర్శకాలు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోకూడదు. పదో తరగతి పరీక్ష అయిన తర్వాతే చేర్చుకోవాలి. ర్యాంకు గ్యారంటీ అని ఆశలు చూపకూడదు. రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు నడపకూడదు. వారానికొక సెలవు ఉండాలి, ఆ మర్నాడు పరీక్ష పెట్టకూడదు. మొత్తం ఫీజు కట్టిన పిల్ల మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. హాస్టలు వాళ్లదే అయితే ఆ డబ్బు, భోజనం డబ్బు కూడా ఇందులోకే వస్తాయి. ఇవి మార్గదర్శకాలు, చట్టమంత బలం వీటికి లేదు. అయినా డబ్బు కట్టకముందు "ఈ పద్ధతి మీరు పాటిస్తారా? అయితే కాగితం మీద రాసివ్వండి" అని అడిగే హక్కు మనకున్నది. రాసివ్వనన్నాడంటే ఆ సంగతి మనకు ముందే తెలిసిపోయినట్టే కదా!

మా చెల్లెలు కూడా ఊరుకోలేదు. తేదీ వేసి ఒక ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకున్నది. కోచింగ్ సంస్థలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది. ఆ సంగతి కూడా ఉత్తరంలో రాసింది. రెండు నెలలు తిరిగాక కొంత డబ్బు వచ్చింది. మీకూ అలాంటి చిక్కు వస్తే వినియోగదారుల సహాయానికి 1915 నెంబరు ఉన్నది. అయిదు లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు.

డబ్బు ఎప్పటికైనా వస్తుంది, పోతుంది. పిల్లల ప్రాణం సంగతి చూడండి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి మెడిసిన్ ప్రవేశపరీక్షకు చదువుకుంటున్న పదిహేడేళ్ల పిల్ల 2023లో చనిపోయింది. ఎక్కడో బెంగాల్‌నుంచి వచ్చిన పిల్ల. ఆ తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. 2025 జూలైలో ఆ కేసులోనే కోర్టు దేశం మొత్తానికి వర్తించే ఆదేశాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సిలరు ఒకరైనా ఉండాలి. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులనుబట్టి పిల్లల్ని వేరు చేయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సహాయం దొరికే ఫోను నెంబర్లు హాస్టల్లో, తరగతిలో కనబడేటట్టు రాసిపెట్టాలి. మేడమీదికి, ప్రమాదమున్న చోట్లకి కట్టుదిట్టం ఉండాలి. మనం హాస్టలు చూడటానికి వెళ్లినప్పుడు మంచం, బీరువా, సాంబారు రుచి చూస్తాం. ఇకనుంచి "మీ కౌన్సిలరు ఎవరు? ఏ వేళల్లో ఉంటారు?" అని కూడా అడుగుదాం.

ఇంకొకటి. చదువుకునే గది సెల్లారులో ఉన్నదా, బయటికి వచ్చే దారులు ఎన్ని అని చూడండి. 2024 జూలైలో ఢిల్లీ పాత రాజేందర్‌నగర్‌లో కోచింగ్ సెంటరు సెల్లారులోని గ్రంథాలయంలోకి వాననీళ్లు వచ్చి, సివిల్స్‌కు చదువుతున్న ఇద్దరమ్మాయిలు, ఒకబ్బాయి చనిపోయారు. ఆ పేటకూ మా పేటకూ పోలిక ఎక్కువ. వానాకాలం మన వీధుల్లో మోకాలిలోతు నీళ్లు మనం చూడనివా?

ఇంకా చిన్న పిల్లలున్న తల్లులకు బడి ఆటో, ట్యూషను ఉండనే ఉన్నాయి. వీటికి కాగితాలు ఉండవు, అంతా నోటిమాటే. కనీసం ఆటో అతని పేరు, లైసెన్సు, బండి నెంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. తను రానిరోజు ఇంకొకర్ని పంపిస్తే ముందుగా ఫోను చేసి చెప్పాలని షరతు పెట్టండి. ట్యూషను గది తలుపు తీసి ఉంచాలని మొదటిరోజే చెప్పండి. మొహమాటపడకండి. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో నాలుగేళ్ల పసిపాపమీద అత్యాచారం చేసినవాడు పాఠం చెప్పే మాస్టరు కాదు, ప్రిన్సిపాల్ కారు నడిపే డ్రైవరు. కోర్టు అతనికి ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. అంచేత బడిలో చేర్పించేటప్పుడు టీచర్ల డిగ్రీలే కాక, లోపల తిరిగే ప్రతి మనిషినీ ఎలా విచారించి పెట్టుకున్నారని అడగండి.

పిల్లలమీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవంనాడు అమల్లోకి వచ్చింది. పద్ధెనిమిదేళ్లలోపు ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవటం కూడా నేరమే. "పక్కింటి గొడవ మనకెందుకు, పిల్లకు చెడ్డపేరు వస్తుంది" అని నోరు మూసుకోవటానికి చట్టం ఒప్పుకోదు. పిల్ల పేరు, ఊరు బయట పెట్టకూడదని కూడా ఆ చట్టమే చెప్పింది. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్లకు ఏ ఇబ్బందీ రాదు.

ఇంతసేపూ అవతలివాళ్లను అడగటం గురించి చెప్పాను. ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. మీ ఇంట్లో గిన్నెలు తోమే పిల్లకు ఎన్నేళ్లు? "మా దగ్గర కూతురిలా ఉంటుందండీ" అంటారు చాలామంది. కూతురైతే బడికి పంపేవాళ్లం కదా! పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10నుంచే నిషేధం ఉన్నది. 2016లో చట్టాన్ని మార్చి ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. జైలు ఉన్నది, ఇరవై వేలనుంచి యాభై వేలదాకా జరిమానా ఉన్నది. ఆ పిల్ల తల్లితో మనం చేసుకున్న నోటిమాట ఒప్పందం, నెలకింత, పండక్కి బట్టలు అన్నది, ఏ న్యాయం ముందూ నిలవదు.

ఆ దసరా తర్వాత మా మేడమీది గదికి కొత్త కాగితం రాశాను. మేకుల షరతు ఇంకా ఉన్నది, లేదనను. అయితే దానికంటే పైన ఇవి చేరాయి. తల్లిదండ్రుల నెంబర్లు రెండూ, ఊళ్లో దగ్గరివాళ్ల నెంబరు ఒకటి నా దగ్గర ఉండాలి. పద్ధెనిమిది నిండకపోతే తల్లిగాని తండ్రిగాని వచ్చి సంతకం పెట్టాలి. జ్వరం వస్తే నాకు చెప్పాలి, ఒక పూట కనబడకపోతే నేను వెళ్లి పలకరించాలి. ప్లంబరు గాని ఎలక్ట్రీషియను గాని వస్తే పిల్లలకు చెప్పి, నేను వెంట ఉండి పంపించాలి. మేమైనా తలుపు తట్టకుండా గదిలోకి వెళ్లకూడదు. ఖాళీ చేయమనాలంటే నెల ముందు వాళ్ల పెద్దవాళ్లకు చెప్పాలి. ఏ కారణం చేతనైనా రాత్రిపూట ఆడపిల్లను గేటు బయట నిలబెట్టకూడదు. అడ్వాన్సు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఈ షరతుల్లో సగం నామీద నేను పెట్టుకున్నవే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రక్షణ వేరు, కాపలా వేరు. మన పేటలో గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలు ఇరవై రెండు, ఇరవై అయిదేళ్లవాళ్లు. వాళ్లు మేజర్లు, వాళ్ల సంతకం వాళ్లదే. ఎవరితో మాట్లాడింది, ఏ వేళకు వచ్చింది అని వాళ్ల నాన్నలకు చాడీలు మోయటం మన పని కాదు. అలా చేస్తే రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు వాళ్లు మన తలుపు తట్టరు. మా గదిలోని పిల్లకు జ్వరం వచ్చిన మొదటిరోజే నా తలుపు తట్టకపోవటానికి కూడా అదే కారణమని తర్వాత తెలిసింది. "మీరు కోప్పడతారేమోనని, ఆంటీ" అన్నది. పదకొండు షరతులు చదివిన పిల్లకు నా మీద ఆ అభిప్రాయం కలగటంలో వింత ఏమున్నది?

కొన్ని నెంబర్లు చెబుతాను, రాసుకోండి. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మనసు కుంగిపోయినవాళ్లకోసం టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. అత్యవసరమైతే 112. వీటిని కాలెండరు వెనక రాస్తే లాభంలేదు. గదిలో, ఆ పిల్లల కళ్లకెదురుగా గోడకు అంటించండి. దానికోసం మేకు కొట్టినా నేనేమీ అనను.

ఈ రాత్రి పనులయ్యాక బీరువాలోంచి ఆ కాగితాలు తీయండి. మీ పిల్ల హాస్టలు రసీదు, మీ మేడమీది గది ఒప్పందం, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మీ పిల్లకోసం ఆ హాస్టలువాళ్లు ఏం రాసివ్వాలని మీరు కోరుకుంటారో, అది మీ మేడమీద ఉన్న పిల్లకోసం మీరు రాసిచ్చారా? రేపు ఏ ఆసుపత్రి బల్ల దగ్గరో ఒక నర్సమ్మ "మీరు ఈ పిల్లకు ఏమవుతారు?" అని అడిగితే, మనకు సమాధానం ఉండాలి.